చార్మినారు గడియారం – కెమెరా కన్ను

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారును మీలో చాలామంది చూచే ఉంటారు. చూడనివారు బొమ్మలోనైనా చూచి ఉంటారు. దానిని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నాలుగు వైపులా కనిపించే నాలుగు గడియారాలను మాత్రం చాలా కాలం తరువాత, 1889లో అమర్చారు. ఆ గడియారాలను అందరూ వేళ తెలుసుకోవడానికి చూస్తారు. మనం ఇవాళ వాటిని మరొక పనికి వాడుకుందాం. రెండు కెమెరా కటకాలలో ఏది ఎక్కువ పదునుగా చూడగలదో వాటి సాయంతో తేల్చుకుందాం.

కటకం అంటే లెన్స్. “మా లెన్స్ చాలా పదునైనది” అని ఒకరంటారు. “మాది రెట్టింపు ఖరీదు, కనుక మాదే పదును” అని మరొకరంటారు. కత్తి పదును కూరగాయ తరిగితే తెలుస్తుంది. మరి కటకం పదును ఎలా తెలుస్తుంది? ఖరీదు చూచి తీర్పు చెప్పవచ్చునా? ఈ ప్రశ్న పిల్లలకే కాదు, డబ్బు పెట్టి కొనవలసిన తల్లిదండ్రులకు కూడా ముఖ్యమైనదే.

కంటికి దగ్గర చుట్టం

కెమెరాలో వెనుక ఒక చిన్న పలక ఉంటుంది. పూర్వం అక్కడ ఫిల్ము ఉండేది. ఇప్పటి డిజిటల్ కెమెరాలలో వెలుతురును గ్రహించే పలక ఉంటున్నది. దాని కొలత 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు అనుకోండి. ఆ కెమెరాకు 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం బిగిస్తే, దూరదగ్గరలు మన కంటికి అలవాటైన తీరులోనే కనిపిస్తాయి. కొండలు చిన్నవై పారిపోవు, ముక్కులు పెద్దవై ముందుకు రావు. అందుకే దీనిని ‘ప్రామాణిక కటకం’ అంటారు. ఇది జూమ్ కటకం కాదు. దీని నాభ్యంతరం మారదు. దగ్గరగా కావాలంటే మనమే నాలుగడుగులు ముందుకు వేయాలి!

ఈ కటకాలలో కొన్నింటికి నోరు చాలా పెద్దది. వెలుతురు త్వరగా లోపలికి దూకుతుంది గనుక ఫొటో కూడా క్షణంలో పడుతుంది. వీటిని ‘చురుకైన కటకాలు’ అందాం. ఆ చురుకుదనాన్ని చెప్పేదే కటకం అంచున వ్రాసి ఉండే ఎఫ్ సంఖ్య.

దీని లెక్క చాలా తేలిక. నాభ్యంతరాన్ని ద్వారం అడ్డుకొలతతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి ద్వారం 25 మిల్లీమీటర్లుంటే అది ఎఫ్ 2. సుమారు 28 మిల్లీమీటర్లుంటే ఎఫ్ 1.8. సుమారు 36 మిల్లీమీటర్లుంటే ఎఫ్ 1.4. అదే ద్వారాన్ని ఆరుంబావు మిల్లీమీటర్లకు మూస్తే ఎఫ్ 8 అవుతుంది. అంటే సంఖ్య చిన్నదైతే ద్వారం పెద్దదన్నమాట. ఎఫ్ 8 దగ్గర వచ్చే వెలుతురుకంటే ఎఫ్ 2 దగ్గర 16 రెట్లు ఎక్కువ వస్తుంది. ఎందుకో మీ లెక్కల మాష్టారిని అడగండి. వృత్తం వైశాల్యం పాఠం చదివినవారు అడగనక్కరలేదు.

రాజా దీన్ దయాళ్ కాలం

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. 1839లో ఫ్రాన్సులో ఫొటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించారు. అప్పటి కటకాల ద్వారం చాలా చిన్నది. మనిషి బొమ్మ తీయాలంటే అతను ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. మరుసటి సంవత్సరమే, 1840లో, వియన్నాలోని జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణిత పండితుడు లెక్కవేసి పెద్ద ద్వారం గల కటకాన్ని రూపొందించాడు. ఆ లెక్కలు ఎంత పెద్దవంటే, కూడికలు తీసివేతలు బాగా వచ్చిన ఫిరంగిదళం సైనికులను ఆయనకు సాయం ఇచ్చారు! ఆ కటకంతో నడుమ ఉన్న ముఖం చక్కగా వచ్చేది. కాని అంచులు మాత్రం అలుక్కుపోయేవి.

మన హైదరాబాదులో ఆ రోజులను తలుచుకుంటే రాజా దీన్ దయాళ్ పేరు చెప్పుకోవాలి. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివాడు. తరువాత ఫొటోల విద్యలో ఆరితేరి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండేది. 1905లో ఆయన కన్నుమూశాడు. ఆయన తీసిన పాతబస్తీ వీధులు, మహళ్ళు, దర్బారులు ఈనాటికీ చెక్కుచెదరని స్పష్టతతో కనిపిస్తాయి.

మరి అప్పటి కటకాలు ఇప్పటివాటికంటే గొప్పవా? కాదు. ఆ రహస్యం వేరే ఉన్నది. ఆ కాలంలో ఫిల్ముకు బదులు పెద్ద పెద్ద గాజు పలకలు వాడేవారు. పన్నెండు అంగుళాల పలక మీద పడిన బొమ్మను అదే కొలతలో కాగితం మీదికి దించితే, ఏమాత్రం పెంచనక్కరలేదు. 36 మిల్లీమీటర్ల బొమ్మను పన్నెండు అంగుళాలు చేయాలంటే సుమారు ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. బొమ్మతోబాటు కటకం చేసిన తప్పులు కూడా ఎనిమిదిన్నర రెట్లు పెరుగుతాయి! అందుకే చిన్న కెమెరాకు కటకం పదును అంత అవసరమైనది.

1896లో జర్మనీలోని యేనా పట్నంలో, జైస్ కంపెనీకి చెందిన పాల్ రుడాల్ఫ్ ఆరు గాజు బిళ్ళలను అద్దంలో ప్రతిబింబం మాదిరిగా ముందు మూడు, వెనుక మూడు అమర్చి ‘ప్లానార్’ అనే కటకం చేశాడు. అది అంచులదాకా బాగా చూడగలిగేది. కాని గాజు ఉపరితలాలు ఎక్కువ గనుక లోపల వెలుతురు అటూ ఇటూ తిరిగి బొమ్మను తెల్లబరిచేది. 1935లో అదే కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా గాజుమీద పలుచని పూత పూసే పద్ధతి కనిపెట్టాడు. ఆ తరువాత ఈ బాధ చాలావరకు తీరింది. మీ ఇంట్లోని కటకాన్ని ఏటవాలుగా చూస్తే ఊదా, ఆకుపచ్చ రంగుల మెరుపు కనిపిస్తుంది. అది ఆ పూతే. 50 మిల్లీమీటర్ల చురుకైన కటకాలలో చాలావాటికి ఆ ప్లానారే ముత్తాత.

ద్వారం తెరిస్తే మసక ఎందుకు?

ఒక చిన్న ప్రయోగం చేయండి. పగటిపూట గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర భూతద్దం పట్టుకోండి. ముందుకూ వెనుకకూ జరిపితే ఒకచోట కిటికీ బొమ్మ తలక్రిందులుగా గోడమీద పడుతుంది. బాగుంటుంది గాని అంచులు కాస్త మసకగా ఉంటాయి. ఇప్పుడు ఒక నల్లకాగితంలో రూపాయి బిళ్ళకంటే చిన్న రంధ్రం చేసి భూతద్దానికి అడ్డం పెట్టండి. బొమ్మలో వెలుగు తగ్గుతుంది. కాని కిటికీ చువ్వలు పదునుగా కనిపిస్తాయి! (ఈ ప్రయోగంలో భూతద్దాన్ని ఎన్నడూ సూర్యునివైపు పెట్టవద్దు. దానిలోనుంచి సూర్యుణ్ణి అసలే చూడవద్దు.)

దీనికి కారణమేమిటి? భూతద్దం అంచుల గుండా పోయిన కిరణాలు ఒకచోట, నడుమ గుండా పోయినవి మరొకచోట కలుసుకొంటాయి. బడిగంట కొట్టగానే అందరూ ఒకే గుమ్మం దగ్గరికి చేరక, సగంమంది ముందే ఆగిపోయినట్లు! రంధ్రం పెట్టిన కాగితం అంచుల కిరణాలను ఆపివేసింది. మిగిలినవి ఒకచోట చేరాయి. కెమెరా కటకంలో ద్వారాన్ని కొంచెం మూసినప్పుడు జరిగేది కూడా ఇదే.

అయితే ద్వారాన్ని ఎంత మూస్తే అంత మంచిదా? కాదు. వెలుతురు సన్నని సందులో దూరవలసివస్తే పక్కలకు వ్యాపిస్తుంది. అప్పుడు చుక్క చుక్కగా ఉండక చిన్న బిళ్ళ అవుతుంది. దీని లెక్కను 1835లో జార్జి ఎయిరీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఆ లెక్క ప్రకారం ఆకుపచ్చ వెలుగులో ఎఫ్ 2 దగ్గర ఆ బిళ్ళ అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యోవంతులు మూడుకు లోపే. ఎఫ్ 16 దగ్గర అది వెయ్యికి సుమారు 21 వంతులు. ఎంత ఖరీదుగల కటకమైనా ఈ నియమాన్ని దాటలేదు. అందుచేత కటకాలు సాధారణంగా ఎఫ్ 4కూ ఎఫ్ 8కీ నడుమ ఎక్కడో తమ పదునంతా చూపిస్తాయి.

రాజు, సలీముల పందెం

లెక్కల పుస్తకంలో మాదిరిగా ఇద్దరు స్నేహితులను ఊహించుకుందాం. రాజు దగ్గర ఎఫ్ 1.8 కటకం ఉన్నది. సలీము దగ్గర వాళ్ళ మామయ్య ఇచ్చిన ఎఫ్ 1.4 కటకం ఉన్నది. కెమెరాలు రెండూ ఒక్కరకమే. ఇద్దరూ గుల్జార్ హౌజ్ వైపునుంచి చార్మినారు గడియారాన్ని ఫొటో తీశారు. రాజు పొద్దున్నే వచ్చి, కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి, ఎఫ్ 5.6 దగ్గర తీశాడు. సలీము దీపాలు పెట్టే వేళకు వచ్చి, కెమెరాను చేత్తో పట్టుకొని, ద్వారం పూర్తిగా తెరిచి ఎఫ్ 1.4 దగ్గర తీశాడు. రాజు ఫొటోలో గడియారం ముళ్ళు సూదుల్లా ఉన్నాయి. సలీము ఫొటోలో మసక మసకగా ఉన్నాయి.

“చూశావురా! ఖరీదైనదని గొప్పలు చెప్పావు. నా లెన్సే పదును!” అన్నాడు రాజు.

సలీము మొహం చిన్నబోయింది. ఆ కటకాన్ని సగం ధరకు అమ్మివేద్దామనుకొన్నాడు. వచ్చే నెలలోనే వాళ్ళ అక్క పెళ్ళి. ఫొటోలు తీసే బాధ్యత అతనిదే. మళ్ళీ మళ్ళీ తీయడానికి వీలయ్యే సందర్భం కాదు గదా అది!

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ పందెంలో ఎన్ని తప్పులున్నాయో మీరే లెక్కపెట్టండి.

లెక్కపెట్టారా? వెలుతురు వేరు. ఆధారం వేరు: ఒకటి స్టాండు, ఒకటి చెయ్యి. ద్వారం వేరు. చీకటి వేళ గనుక షట్టరు తెరిచి ఉన్న కాలం కూడా వేరు. ఇన్ని తేడాలున్నప్పుడు మసకకు కారణం కటకమేనని ఎలా చెప్పగలం? ఒకడు గుర్రమెక్కి, మరొకడు నడిచి పోటీపడితే ఎవరి కాళ్ళు గట్టివో తేలదు. రెండు వస్తువులను పోల్చాలంటే మనం పరీక్షించే ఒక్క విషయం తప్ప తక్కినవన్నీ సమానంగా ఉండాలి. శాస్త్రానికంతటికీ ఇదే మొదటి సూత్రం.

న్యాయమైన పరీక్ష

ఇప్పుడు పరీక్షను సక్రమంగా చేద్దాం. మొదటి పరీక్ష ఇంటిగోడ మీదనే. ఒక తెలుగు వార్తాపత్రికను విప్పి, ముడతలు లేకుండా గోడకు అంటించండి. గోడ బల్లపరుపుగా ఉండాలి. తెలుగు అక్షరాలంత మంచి పరీక్షాపత్రం మరొకటి లేదు. ‘ధ’కూ ‘థ’కూ తేడా లోపలి చిన్న చుక్కే. ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు దగ్గరే. కటకం మొద్దుదైతే ‘థ’లోని చుక్క మాయమవుతుంది!

కెమెరాను రెండు మీటర్ల దూరంలో, గోడకు సరిగ్గా ఎదురుగా, కదలని ఆధారం మీద పెట్టండి. బిందువును, అంటే ఫోకస్‌ను, జాగ్రత్తగా కుదర్చండి. చేత్తో మీట నొక్కితే కెమెరా అదురుతుంది గనుక, తనంతట తానే కొట్టుకొనే టైమరును వాడండి. ఎఫ్ 1.8, 2.8, 4, 5.6, 8, 16 – ఇలా ఒక్కొక్క కొలత దగ్గర మూడేసి ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫోకస్ కొత్తగా కుదిర్చి, ముగ్గురిలో మంచిదాన్ని ఎంచండి. తరువాత కెమెరాను కదల్చకుండా రెండవ కటకం బిగించి అంతా మళ్ళీ చేయండి.

ఫోకస్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటారా? ఎఫ్ 1.4 దగ్గర, ఒక మీటరు దూరంలో స్పష్టంగా కనిపించే మందం సుమారు మూడు సెంటీమీటర్లే. కన్నుమీద కుదిరితే చెవి మసకబారుతుంది. ఫోకస్ తప్పిన పాపాన్ని కటకానికి అంటగట్టేవారు చాలామంది ఉన్నారు.

ఫొటోలను ఒకే పరిమాణంలో పెద్దవిగా చేసి చూడండి. నడుమ భాగం, నాలుగు మూలలు వేరువేరుగా చూడాలి. ఒక మూల బాగుండి, ఎదుటి మూల మరీ మసకగా ఉంటే, లోపలి గాజు బిళ్ళ ఒకటి పక్కకు ఒరిగిందేమోనని అనుమానించాలి. ఒకే కంపెనీ, ఒకే రకం కటకాలలో కూడా ఇలాంటి తేడాలుంటాయి.

మరొక ముఖ్యమైన మాట. ఏ ఫొటో ఏ కటకానిదో తెలియని వారిచేత మార్కులు వేయించండి. మీ చెల్లెలో తమ్ముడో అయితే మరీ మంచిది. పేరూ ఖరీదూ తెలిసిన కన్ను, తనకు తెలియకుండానే, వాటివైపు మొగ్గుతుంది.

గోడ పరీక్ష అయ్యాక చార్మినారుకు వెళ్ళండి. వేకువనే వెళ్ళడం మంచిది. మధ్యాహ్నమైతే వేడెక్కిన నేలమీది గాలి అలలు అలలుగా లేస్తుంది. దానిగుండా చూస్తే ఏ కటకానికైనా గడియారం వణుకుతూనే కనిపిస్తుంది. గడియారాన్ని ఒకసారి బొమ్మ నడుమ, ఒకసారి మూలలో ఉంచి తీయండి. రద్దీలో దారికి అడ్డం కాకుండా నిలబడండి. కట్టడం లోపల స్టాండు పెట్టాలంటే అధికారుల అనుమతి కావాలి.

తేలేది ఏమిటి?

ఇలా పరీక్షిస్తే సాధారణంగా తేలేది ఇది. ద్వారం పూర్తిగా తెరిచినప్పుడు రెండు కటకాల మీదా పలుచని పాలతెర కప్పినట్లుంటుంది. రెండింటినీ ఎఫ్ 1.8 దగ్గరే పోల్చితే, ఎఫ్ 1.4 కటకం అప్పటికే కొంచెం మూసుకొని ఉంటుంది గనుక సమఉజ్జీగానో, కాస్త మెరుగ్గానో నిలవవచ్చు. ఎఫ్ 2.8 దగ్గర తెర తొలగిపోతుంది. ఎఫ్ 5.6 దగ్గర ఏది ఎవరిదో పోల్చుకోవడమే కష్టం. ఎఫ్ 16 దగ్గర రెండూ మళ్ళీ మెత్తబడతాయి.

పూర్తిగా తెరిచినా పదును తగ్గని కటకాలు లేవా? ఉన్నాయి. జైస్ కంపెనీ 2013లో తెచ్చిన ‘ఓటస్’ అనే 55 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 కటకంలో పన్నెండు గాజు బిళ్ళలున్నాయి. దాని బరువు దాదాపు ఒక కిలో! 2015లో వచ్చిన కానన్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకంలో ఆరే బిళ్ళలు, బరువు 160 గ్రాములు. ద్వారం తెరిచి కూడా పదును కావాలంటే బరువూ ఖరీదూ మోయాలి. ఊరికే ఏదీ రాదు.

గాజుల దీపాలు, ఆకాశపు చుక్కలు

అక్షరాలకంటే కఠినమైన పరీక్ష మరొకటి ఉన్నది. అదే వెలుగు చుక్క. రాత్రివేళ చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారుకు వెళితే, లక్కగాజులలో పొదిగిన రాళ్ళు దీపాల వెలుగులో తళతళమంటాయి. వాటిని చురుకైన కటకంతో, ద్వారం పూర్తిగా తెరిచి తీసి, బొమ్మ మూలలు చూడండి. చుక్కలు కొన్ని తోకచుక్కల్లా సాగి ఉంటాయి. శాస్త్రజ్ఞులు కూడా ఈ దోషానికి తోకచుక్కను పోలినందువల్లనే ‘కోమా’ అని పేరు పెట్టారు.

ఈ దోషం ఖగోళ శాస్త్రజ్ఞులకు పెద్ద శత్రువు. పాతబస్తీలోని ఫిసల్‌బండలో 1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండునుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి నక్షత్రశాలకు పునాది వేశాడు. అదే నిజామియా నక్షత్రశాల. తరువాత అది బేగంపేటకు మారింది. 1887లో పారిస్‌లో ఒక పెద్ద పని తలపెట్టారు. లోకంలోని నక్షత్రశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకొని ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారుచేయాలి. అందులో మన హైదరాబాదు కూడా వాటా తీసుకొన్నది. 8 అంగుళాల కటకంగల ఫొటో దూరదర్శినితో గాజు పలకలమీద లక్షలాది చుక్కలను పట్టి, ఒక్కొక్కదాని స్థానం కొలిచి వ్రాశారు. పలక అంచున చుక్కకు తోక మొలిస్తే దాని సరైన చోటు ఎక్కడని కొలుస్తారు? కటకం పదును అనేది గొప్పలకోసం కాదు, సత్యంకోసం అని ఇప్పుడు తెలిసిందా!

ఇంతకీ సలీము ఏం చేశాడు?

రాజు, సలీము న్యాయంగా పరీక్ష చేసుకొన్నారు. రెండు కటకాలూ దాదాపు సమానమేనని తేలింది. అప్పుడు సలీము పెళ్ళి లెక్క వేశాడు. రాత్రివేళ, ముంగిట్లో దీపాల వెలుగు. ఎఫ్ 1.4 దగ్గర సెకనులో 60వ వంతు చాలునని అనుకొంటే, అదే వెలుగులో ఎఫ్ 5.6 దగ్గర 16 రెట్లు, అంటే సుమారు పావు సెకను కావాలి. పావు సెకనులో అక్క కన్నీరు తుడుచుకొంటుంది, అమ్మ తల తిప్పుతుంది, చిన్నపిల్లలు పరుగెత్తిపోతారు. కటకం ఎంత పదునైనా కదిలిన ముఖం మసకే. కాస్త పాలతెర ఉన్నా, ఆ క్షణాన్ని పట్టుకొన్న ఫొటోయే మేలు. కనుక సలీము తన కటకాన్ని అమ్మలేదు. పగటి వెలుగులో కట్టడాలు తీసే రాజుకు, ఇంకా ఖరీదైనది కొనవలసిన అవసరం కనబడలేదు.

తల్లిదండ్రులు కూడా ఈ లెక్కనే గుర్తుంచుకొంటే మంచిది. పిల్లవాడు ఏ వేళ, ఏ వెలుగులో, ఏమి తీస్తాడో ముందు అడగండి. పగటిపూటకైతే చవకైన ఎఫ్ 1.8 చాలు. మిగిలిన డబ్బుతో గట్టి మూడుకాళ్ళ స్టాండు కొనిపెడితే, చాలామంది ఫొటోలకు అది కొత్త కటకంకంటే ఎక్కువ పదునిస్తుంది.

పిల్లలూ, ఇక మీ వంతు. నోటుపుస్తకంలో ఒక పట్టిక గీయండి. అడ్డంగా ఎఫ్ సంఖ్యలు, నిలువుగా నడుమ, నాలుగు మూలలు వ్రాయండి. ‘థ’లో చుక్క కనిపించినచోట ఒక మార్కు, కనిపించనిచోట సున్న. కెమెరా లేనివారు భూతద్దం, నల్లకాగితం తీసుకొని మూడు రకాల రంధ్రాలతో కిటికీ బొమ్మను చూచి, ఏది పదునుగా వచ్చిందో వ్రాయండి. ఎవరైనా “మాదే గొప్ప” అంటే వాదనకు దిగకండి. పట్టిక ముందు పెట్టండి.